అయిదు తక్కువ

నుంగంబాక్కంలో మూడో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు.
కత్తిరి ఎండలో మెట్లెక్కి వచ్చి
కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాడు చెంగల్రాయుడు.

నేను ఓడల కంపెనీ తరఫు మనిషిని.
కంపెనీ ఎక్కడో ఉత్తరాన, నీళ్లు గడ్డకట్టే రేవులో.
వాళ్లకు వెల్డర్లు లేరు.
తమ ఊళ్లో వెతికారు, ప్రకటన వేశారు, నెలరోజులు ఆగారు,
ఎవరూ రాలేదని కాగితం మీద పెట్టారు,
బయటి మనిషిని పిలవడానికి లైసెన్సు తెచ్చుకున్నారు.
పిలవడమంటే నోటితో పిలవడం కాదు.
లెక్క.

పనికి ఇన్ని. జీతానికి ఇన్ని.
భాషకు ఇన్ని.
"ఇంగ్లీషు ఏమాత్రం వచ్చండీ?"
"స్టాప్, లిఫ్ట్, ఫైర్, మైండ్ యువర్ హెడ్" అన్నాడు.
ఓడ మీద ప్రాణంతో ఉండటానికి అది చాలు.
పరీక్షకు చాలదు. రెండోసారి రాసి
అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు.

ఇక వయసు.
నలభై దాటిన ప్రతి ఏడాదికీ అయిదు కోత.
బడి సర్టిఫికెట్టులో జూన్ ఒకటి.
నా ఫైళ్లలో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు,
ఆ రోజు ఊరూరా పురుళ్లే కాబోలు.
"ఒకటో తరగతిలో చేర్చుకోవాలని
హెడ్‌మాస్టరు ఓ ఏడాది కలిపాడు మేడం.
నేను పుట్టింది కార్తీకంలో, తుపాను రాత్రి,
కాసిమేడులో అలలు మా వీధిలోకి వచ్చినప్పుడు."
తుపానుకు ఫారంలో గడి లేదు.

మొత్తం అరవై అయిదు.
కావలసింది డెబ్బై.

అతను వాదించలేదు. సంచిలోంచి
దినతంతి కాగితంలో చుట్టిన ఇనప పలక తీసి
నా బల్ల మీద పెట్టాడు.
రెండు ముక్కలట అది.
అతుకు ఎక్కడుందో వేలితో తడిమాను,
దొరకలేదు.
వీడియోలో హిల్డాకు చూపించాను.
ఆ యార్డు ఆమెదే. కళ్లద్దాలు పెట్టుకుంది.
దగ్గరికి జరపమంది. ఇంకా దగ్గరికి.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు,
ఆమె వెనక ఎవరో సుత్తితో కొడుతున్నారు.
"జీతం పెంచితే?"
పట్టిక చూశాను. ఏడాదికి ఇంకో రెండు వేలకు అయిదు.
"పెంచు."

అంతే. హెడ్‌మాస్టరు కలం కలిపిన ఏడాదిని
మొహం తెలియని మనిషి
డబ్బిచ్చి తీసేసింది.

వేలిముద్రలు పడితేనే దరఖాస్తు పడినట్టు.
గాజుపలక మీద అతను పది వేళ్లూ ఆనించాడు.
సెల్వమణి తుడిచి మళ్లీ పెట్టించింది.
మళ్లీ తుడిచింది.
తెర మీద పది బూడిదరంగు మచ్చలు, ఒక్క గీత లేదు.
ఇరవై రెండేళ్ల నిప్పురవ్వలు
వేళ్లను నున్నగా ఇస్త్రీ చేశాయి.
ఏ పనికి పాయింట్లు వచ్చాయో
ఆ పనే మనిషిని చెరిపేసింది.

"పదిహేను రోజులు టార్చి ముట్టకండి,
రాత్రిపూట కొబ్బరినూనె రాయండి, గీతలు తిరిగొస్తాయి"
అంది సెల్వమణి, రోజూ చెప్పే మాటలా.
"పని కోసం పని మానాలా?"
నవ్వాడు. నేనూ నవ్వాను.

పన్నెండో రోజు ఫోన్ ఎత్తలేదు.
పదమూడో రోజు తనే వచ్చాడు,
కుడి బొటనవేలు జేబులో దాచి.
"చూపించండి."
కొత్త బొబ్బ, గోరంత.
"పక్కింటి ఆటో సైలెన్సరు ఊడిపోయింది మేడం.
వాడికి తెల్లారేసరికి ఎగ్మోరు స్టేషన్‌కి సవారీ ఉంది.
ఎట్లా ఊరుకుంటాను?"

గోడ మీది క్యాలెండరు చూశాను.
అతనూ చూశాడు.
జూన్ ఒకటికి పదకొండు రోజులు.
మళ్లీ పుట్టినరోజు, మళ్లీ అయిదు.

హ్యాండ్‌బ్యాగులో తలకు రాసుకునే నూనె సీసా ఉంటే
అతని చేతిలో పెట్టి పంపాను.
హిల్డా మెసేజి అప్పటికే వచ్చి ఉంది: ఎప్పుడు?
కొట్టాను, చెరిపాను, మళ్లీ కొట్టాను:
చర్మం పెరుగుతోంది.
కాస్త ఆగండి.